మొదటి బంతి

పెళ్లిళ్లలో బఫేలు వచ్చాక 'బంతి' అన్న మాట పట్నాల్లో తగ్గిపోయింది గానీ మా దివిసీమ ఊళ్లలో ఇంకా బతికే ఉంది. విస్తళ్లు పరిచి, వరసగా కూర్చోబెట్టి వడ్డించే ఒక్కో విడత ఒక్కో బంతి. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో ఎక్కడా రాసి ఉండదు. అయినా ఎవరూ తప్పరు. మొదటి బంతి వియ్యాలవారి మగవాళ్లది, ఊరి పెద్దలది. రెండోది మిగతా మగవాళ్లది, పిల్లలది. ఆ తర్వాత చుట్టపు ఆడవాళ్లు. పొద్దుటినుంచీ కూరలు తరిగి, వడ్డించి, ఎంగిలాకులు ఎత్తిన ఇంటి ఆడవాళ్లది ఆఖరి బంతి. వాళ్లు కూర్చునేసరికి గారెలు అయిపోయి ఉంటాయి, పప్పు అడుగంటి ఉంటుంది. నిజానికి దాని తర్వాత ఇంకొకటి ఉంది. దాన్ని బంతి అని ఎవరూ అనరు. పల్లెలోంచి పనికి వచ్చినవాళ్లు దొడ్డివైపు నిలబడి, తాము తెచ్చుకున్న గిన్నెల్లో పెట్టించుకుని వెళ్లిపోయేది అది.

వంటింటి గురించి మన స్త్రీవాద సాహిత్యం గట్టిగానే మాట్లాడింది. విమల 'వంటిల్లు' కవిత చదివాక గరిటె, గిన్నె, పోపులపెట్టె మునుపటిలా కనిపించడం మానేశాయి. భోజనశాల గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోలేదు. ఎందుకంటే మన ఇళ్లలో ఆడవాళ్లకి భోజనశాల అంటూ ఒకటి ఉన్నదెప్పుడు? డైనింగ్ టేబుల్ కొన్నాక కూడా దాని దగ్గర ఇల్లాలి చోటు కుర్చీ కాలేదు, గరిటె పట్టుకుని నిలబడే మూలే అయింది. అందుకని నేను ఇక్కడ ఆడపిల్లలు కూర్చుని తినే ఒక గది గురించి రాయాలనుకుంటున్నాను. కాలేజీ హాస్టల్ మెస్ హాలు గురించి. అదే గదిలో బల్లలు జరిపి మనం పెట్టుకునే సభల గురించి.

ఇంటర్‌లో నన్ను గుడివాడ హాస్టల్లో వేశారు. 2003 సంగతి. నాగాయలంక నుంచి అవనిగడ్డ, చల్లపల్లి, కూచిపూడి, పామర్రు దాటుకుంటూ బస్సులో వెళ్లేవాళ్లం. హాస్టలంటే పెద్ద భవనమేమీ కాదు. మెస్‌కి రేకుల కప్పు. ఇటుక దిమ్మల మీద పరిచిన కడప బండలే బల్లలు. రాత్రి ఏడున్నరకి గంట కొట్టేవారు. స్టీలు కంచాలు పట్టుకుని వరసగా కూర్చునేవాళ్లం. చారు నీళ్లలా ఉండేది, వంకాయ కూరలో వంకాయ వెతుక్కోవాల్సి వచ్చేది, ఆదివారం గుడ్డు. ఆ మెస్ మీద మేం చెప్పుకోని జోకు లేదు.

కానీ మొదటి వారంలోనే నాకు ఒక విషయం వింతగా తోచింది. గంట కొడితే నేను కూర్చుంటున్నాను. ముందు నాన్న తినాలి, తర్వాత అన్నయ్య తినాలి అని లేదు. మంచినీళ్లు అందించమని ఎవరూ కేక వెయ్యడం లేదు. నేను వండనిది, నేను వడ్డించనిది, వేళకి, వేడిగా నా కంచంలోకి వస్తోంది. పదిహేనేళ్ల పిల్లకి దాన్ని ఏమనాలో తెలీదు. ఇప్పుడు తెలుసు. డెల్టా ఊళ్లలోంచి వచ్చిన మా వందమంది అమ్మాయిలకీ బతుకులో అదే మొదటి 'మొదటి బంతి'.

ఒకసారి అమ్మ నన్ను చూడటానికి వచ్చి ఆ పూటకి ఉండిపోయింది. మేం కూర్చుంటే తను నా వెనక నిలబడింది, అలవాటుగా. మెస్‌లో పనిచేసే అక్క "మీరూ కూర్చోండమ్మా" అంది. "పిల్లల్ని తిననీ తల్లీ, నాదేముంది" అంది అమ్మ. ఆవిడ వినకుండా కంచం తెచ్చి పెట్టింది. అమ్మ ఇబ్బందిగా అంచున కూర్చుని తింది. ఆ చారు గురించి, ఆ కూర గురించి ఒక్క మాట అనలేదు. తర్వాత సెలవులకి ఇంటికెళ్తే పక్కింటి పిన్నితో చెబుతోంది: "ఆవిడెవరో గానీ రెండుసార్లు అడిగిందే, ఇంకొంచెం వెయ్యనా అని. నన్ను అట్టా ఎవరడిగారు ఎప్పుడన్నా?"

ఈ బంతుల వరస చెరిగిపోవడం అమ్మ ఒక్కసారే చూసిందట. 1977 నవంబర్ 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు తనకి పదేళ్లు. దివిసీమలో వేలమంది పోయారు. బతికి బయటపడ్డవాళ్లు కొన్నాళ్లు పునరావాస శిబిరాల్లో, పెద్ద గుండిగల్లో వండిన అన్నం తిన్నారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని చూసే ఓపిక ఎవరికీ లేదు. ఆకలేసినవాళ్లు కూర్చున్నారు, చెయ్యి ఖాళీగా ఉన్నవాళ్లు పెట్టారు. "మళ్లీ బంతులు ఎప్పుడు మొదలయ్యాయమ్మా?" అని అడిగాను. "ఇళ్లు కట్టుకున్నాక" అంది.

మళ్లీ మెస్ దగ్గరికి వస్తాను. తొమ్మిది గంటలకి బండలు కడిగేశాక అది మెస్‌గా ఉండేది కాదు. ముగ్గుల పోటీలు, వక్తృత్వ పోటీలు, సీనియర్లకి వీడ్కోలు, కరెంటు పోయిన రాత్రుల్లో దెయ్యాల కథలు అన్నీ అక్కడే. కాలేజీ ఆడిటోరియంలో సభ జరిగితే అబ్బాయిలుంటారు, లెక్చరర్లుంటారు, వేదికనెక్కాలంటే కాళ్లు వణుకుతాయి. మెస్‌లో అట్లా కాదు. కాసేపటి క్రితం పక్కన కూర్చుని అన్నం తిన్న మొహాలే ఎదురుగా ఉంటాయి. చిరిగిన నవలలు వంతులేసుకుని పైకి చదువుకున్నదీ, చలం మీద రెండు జట్లుగా విడిపోయి పోట్లాడుకున్నదీ ఆ బండల మీదే. నేను రాసిన మొదటి నాలుగు మాటలు పైకి చదివిందీ అక్కడే. సాహిత్యంలో నా డాక్టరేట్‌కి ఎక్కడ పునాది పడిందని ఎవరన్నా అడిగితే ఆ రేకుల కప్పు పేరే చెబుతాను.

తర్వాత పరిశోధన రోజుల్లో వర్జీనియా ఊల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' చదువుతున్నప్పుడు అందరూ ఆగే చోట కాక నేను భోజనాల దగ్గర ఆగిపోయాను. 1928 అక్టోబర్‌లో ఆమె కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కళాశాలల్లో, 20న న్యూన్‌హామ్‌లో, 26న గర్టన్‌లో మాట్లాడింది. ఆ ప్రసంగాలే పెరిగి మరుసటి ఏడు పుస్తకమయ్యాయి. పుస్తకంలో రెండు భోజనాలున్నాయి. మగవాళ్ల కాలేజీలో మధ్యాహ్న విందు: చేపలు, వేటపక్షుల మాంసం, వైను. 'ఫెర్న్‌హామ్' అని ఆమె కల్పించిన ఆడవాళ్ల కాలేజీలో రాత్రి భోజనం: పల్చటి సూపు, గొడ్డుమాంసం, ఉడికించిన ఆకుకూర, బంగాళాదుంపలు, ఎండు ప్లమ్ పళ్లు, తాగడానికి మంచినీళ్లు. ఆ రెండు బల్లల మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతూ ఆమె డబ్బు దగ్గరికి, ఆస్తి హక్కు దగ్గరికి, సొంత గది దగ్గరికి వెళ్తుంది. తల్లులకి ఆస్తి ఉంటే కూతుళ్ల కాలేజీకి వైను ఉండేదన్నది ఆమె లెక్క.

లెక్క సరైనదే. న్యూన్‌హామ్ 1871లో ఐదుగురు విద్యార్థినులతో ఒక అద్దె ఇంట్లో మొదలైంది. ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని పెద్ద భోజనశాల, క్లౌ హాల్, 1888 నాటిది. ఆర్కిటెక్టు బాసిల్ చాంప్నీస్. అందులో కూర్చుని తిన్న అమ్మాయిలు అబ్బాయిలతో సమానంగా పరీక్షలు రాసినా కేంబ్రిడ్జి వాళ్లకి పూర్తి పట్టా ఇచ్చింది 1948లోనే. 1921లో ఆ హక్కు అడిగినప్పుడు మగ విద్యార్థులు తోపుడు బండి తెచ్చి న్యూన్‌హామ్ కంచు గేటును బద్దలు కొట్టారు. విశ్వవిద్యాలయం లోపలికి రానివ్వని కాలంలో ఆ ఆడవాళ్లకి విశ్వవిద్యాలయం అంటే ఏమిటి? చదువుకునే గది, కలిసి తినే గది. అన్నం తిన్న బల్లల చుట్టూనే సంఘాలు పుట్టాయి, చర్చలు పుట్టాయి. ఊల్ఫ్‌ను పిలిచిందీ అలాంటి ఒక విద్యార్థినుల సంఘమే.

ఆ రాత్రి గురించి పుస్తకంలో లేని సంగతి ఒకటుంది. అప్పటి విద్యార్థిని ఒకామె చాలా ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుంది: ఊల్ఫ్ చాలా ఆలస్యంగా వచ్చింది, చెప్పకుండా భర్తను కూడా వెంటబెట్టుకొచ్చింది, దాంతో కూర్చునే ఏర్పాటు తారుమారైంది, భోజనం చెడిపోయింది. ఇది చదివి నేను పెద్దగా నవ్వాను. ఫెర్న్‌హామ్ సూపు చల్లగా ఉండటానికి పేదరికంతో పాటు ముఖ్య అతిథి ఆలస్యం కూడా కారణమేమో! సభ పేరుతో భోజన వేళ జరిగిపోతే ముందుగా నష్టపోయేది ఎవరో మన హాస్టళ్లలో ఏ అమ్మాయినడిగినా చెబుతుంది.

ఊల్ఫ్‌కి ముప్పై ఏళ్ల ముందే మన ప్రాంతపు అమ్మాయి గర్టన్ బల్ల దగ్గర కూర్చుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సరోజిని, నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1895లో ఇంగ్లండు వెళ్లి, లండన్ కింగ్స్ కాలేజీలో, తర్వాత గర్టన్‌లో చదివింది. 1898లో తిరిగొచ్చి గోవిందరాజులు నాయుడుని కులాంతర వివాహం చేసుకుంది. మద్రాసులో ఆ పెళ్లి జరిపించింది కందుకూరి వీరేశలింగం. పదిహేడేళ్ల ముందు, 1881 డిసెంబర్ 11న, రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు బహిష్కరించింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆ పెళ్లి భోజనానికి గోదావరి నీళ్లు మోసింది, పొయ్యి దగ్గర నిలబడింది ఆయన భార్య రాజ్యలక్ష్మి. సంస్కరణ చరిత్రలో ఆ పెళ్లికి తారీఖుంది, పెళ్లికొడుకు పేరుంది, పెళ్లికూతురు పేరుంది. ఆమె ఆ రోజు ఎప్పుడు తిన్నదో ఎవరూ రాయలేదు.

నేను ఇప్పుడు బందరులో ఉంటూ పాత పత్రికల మీద పని చేస్తున్నాను. ఈ ఊళ్లో చదువుల చరిత్ర పాతది. రాబర్ట్ నోబుల్ ఇక్కడ బడి పెట్టింది 1843లో. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. పై కులాల పిల్లలు బడి మానకూడదని, అంటరానివాళ్లని ఊరు అన్న కులాలను ఆయన మొదట్లో చేర్చుకోలేదు. అయినా 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోగానే బడి దాదాపు ఖాళీ అయింది. ఆ రోజుల్లో మతం మారడమంటే ముందుగా ఇంట్లో విస్తరి పోవడమే. చదువుకుంటే పిల్లవాడు ఎవరితో కలిసి తింటాడో అన్న భయం మన విద్యాసంస్థల పుట్టుకలోనే ఉంది. ఆ భయాన్ని మనం పూర్తిగా దాటామా? ప్రభుత్వ హాస్టళ్లు ఈనాటికీ ఎస్సీ హాస్టలు, బీసీ హాస్టలు, ఎస్టీ హాస్టలు. పేద పిల్లల కోసం మంచి ఉద్దేశంతో పెట్టినవే, లక్షలమంది వాటివల్లే చదువుకున్నారు. కానీ అన్ని పల్లెల అమ్మాయిలు ఒకే బండ మీద కంచాలు పెట్టుకునే గది అరుదుగానే మిగిలింది.

1902లో ఈ ఊళ్లో రెండు మొదలయ్యాయి. ఒకటి కృష్ణాపత్రిక. ముట్నూరి కృష్ణారావు సంపాదకుడయ్యాక ఆ కార్యాలయంలో జరిగిన సాయంకాలపు 'దర్బారు' గురించి ఎన్నో జ్ఞాపకాలున్నాయి. రెండోది బృందావన స్త్రీ సమాజం. భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి పెట్టింది. అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకున్నది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది, 1905లో ముప్పై ఒకటో ఏట చనిపోయింది. దర్బారుకు వచ్చే మగవాళ్లు ఇంటికి ఏ వేళకి వెళ్లినా కంచం సిద్ధంగా ఉండేది. సమాజానికి వచ్చే ఆడవాళ్లు మాత్రం పొయ్యి ఆర్పాక బయల్దేరాలి, పొయ్యి వెలిగించే వేళకి తిరిగి చేరాలి. మన సంఘాల సమావేశాలు వందేళ్లుగా మధ్యాహ్నం మూడింటికీ అయిదింటికీ మధ్యే ఎందుకు నడిచాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ రెండు గంటలు రెండు పూటల వంటకి మధ్య దొరికే సందు.

ఆ సందు చాలనివాళ్లకి హాస్టల్ కావాలి. దుర్గాబాయి 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడవాళ్లకి హాస్టల్ లేదు కాబట్టి సీటు లేదన్నారు. ఆమె ఏం చేసిందంటే, హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు తనకి రాయమని పత్రికలో ప్రకటన వేయించింది. రాసినవాళ్లని కూడగట్టి వసతి ఏర్పాటు తానే చేసింది. ఇక కాదనడానికి విశ్వవిద్యాలయానికి సాకు లేకపోయింది. ఈ కథని ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. అంతకన్నా సూటైన అర్థం నాకు కనిపిస్తుంది. అమ్మాయిలు తినడానికి, పడుకోవడానికి చోటు లేకపోవడమే డిగ్రీ లేకపోవడానికి కారణంగా చెల్లింది. భోజనశాల చదువుకి అనుబంధం అనుకుంటాం గానీ ఆడవాళ్ల విషయంలో తరగతి గది తలుపు తెరుచుకున్నది భోజనశాల మీదుగానే.

మన విశ్వవిద్యాలయాల్లో మెస్ గురించిన పోరాటాలు లేకపోలేదు. 2002 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి పదిమంది దళిత విద్యార్థులను బహిష్కరించిన ఘటన వెనక ఉన్నది హాస్టల్ మెస్‌ల నిర్వహణ గొడవే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిపిన విద్యార్థుల మీద దాడి జరిగింది. మెస్‌ను ఎవరు నడపాలి, కంచంలో ఏముండాలి అన్నవి ఆ ప్రశ్నలు. ఆడపిల్లల హాస్టళ్లలో వీటితో పాటు ఇంకో ప్రశ్న ఉంది, చిన్నదిగా కనపడేది: ఎప్పుడు తినాలి?

ఆ ప్రశ్న నాకు ఎదురైన చోటు డెల్టాలోనే ఒక కాలేజీ. స్త్రీల సాహిత్యం మీద రెండు రోజుల జాతీయ సదస్సు. నేను అచ్చమాంబ మీద వ్యాసం చదవాలి. ఆడిటోరియంలో మరమ్మతులు జరుగుతున్నాయని సదస్సుని అమ్మాయిల హాస్టల్ భోజనశాలలో పెట్టారు. ఎత్తైన కప్పు, వరస కిటికీలు, దశాబ్దాల పాతది. నాకు చాలా నచ్చింది. బల్లలు గోడవారకి జరిపి తెల్ల గుడ్డ పరిచిన వేదిక, పూలకుండీలు, ఫ్లెక్సీ. ప్రారంభోత్సవం గంటన్నర ఆలస్యం. ఒంటిగంటన్నర అవుతుండగా కిటికీలోంచి చూస్తే బాదంచెట్టు కింద అరవై, డెబ్భై మంది అమ్మాయిలు కంచాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బయటికి వెళ్లాను. "మీ మీటింగు ఇంకా ఎంతసేపు మేడం? మాకు రెండింటికి ల్యాబుంది" అంది ఒకమ్మాయి. డెలిగేట్ల భోజనాలయ్యాక తినమన్నారట. నిన్న రాత్రి కూడా అంతేనట. పదింటికి పెట్టారట.

లోపలేమో స్త్రీలకి సాహిత్యంలో దక్కని చోటు గురించి ప్రసంగం నడుస్తోంది. బయటేమో ఆడపిల్లలు రెండో బంతి కోసం ఎదురుచూస్తున్నారు, వాళ్ల సొంత భోజనశాల గుమ్మం ముందు.

తర్వాతి వంతు నాదే. మైకు దగ్గరికి వెళ్లి, నా వ్యాసం భోజనాల తర్వాత చదువుతాననీ, ముందు ఈ హాలు ఎవరిదో వాళ్లని లోపలికి పిలవమనీ అధ్యక్షురాలిని అడిగాను. కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. వేదిక మీద ఒక పెద్దాయన గడియారం చూసుకున్నారు. ముందు వరసలో ఉన్న ఒక సీనియర్ రచయిత్రి లేచి, తన కుర్చీ తనే పక్కకి జరిపింది. ఆ తర్వాత మిగతావాళ్లూ లేచారు. అమ్మాయిలు వచ్చి తిన్నారు, ల్యాబుకి పరిగెత్తారు. సదస్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది, అంతే. ఆ కాలేజీ వాళ్లు నన్ను మళ్లీ పిలవలేదు.

సాయంత్రం అక్కడి లెక్చరర్ ఒకామె నాతో పోట్లాటకే దిగింది. "నువ్వు ఒకరోజు వచ్చి మాట్లాడి పోతావు. ఫంక్షన్లకి ఈ హాలు ఇస్తేనే కదా హాస్టల్‌కి నాలుగు డబ్బులొచ్చేది? మంచినీళ్ల ప్లాంటు వాటితోనే పెట్టించాం. పైగా సదస్సు ఇక్కడ జరక్కపోతే ఈ పిల్లలకి రచయిత్రులు ఎక్కడ కనపడతారు?" ఆమె మాటలో న్యాయం ఉంది. సభలు భోజనశాలలో జరగాలనే నేనూ అంటాను. తాళం వేసిన ఆడిటోరియం కన్నా అన్నం వాసన ఉన్న గదే మన సాహిత్యానికి తగిన చోటు. పేచీ అంతా వరస దగ్గర. హాలు అద్దెకిచ్చినప్పుడు వచ్చే డబ్బు లెక్క పుస్తకంలోకి ఎక్కుతుంది. అమ్మాయిలు పోగొట్టుకునే గంట ఏ పుస్తకంలోకీ ఎక్కదు. ఇంట్లో ఆ గంటని పోగొట్టుకోవడం వాళ్లకి అలవాటే కాబట్టి అడగరు. 'సర్దుకోండమ్మా' అంటే సర్దుకుంటారు. ఆ సర్దుబాటు నుంచి మూడేళ్లపాటు విడుదల ఇచ్చిన ఒకే ఒక గదిలోకి మనం సదస్సు పేరుతో దాన్ని మళ్లీ తీసుకొస్తున్నాం.

ఆ సాయంత్రం ఇంకొక మాట కూడా విన్నాను. టీ గ్లాసులు కడుగుతున్న మెస్ అక్క నన్ను చూసి నవ్వింది. "పిల్లల్ని ముందు కూర్చోబెట్టారు, బాగుంది మేడం. మా బంతి మాత్రం నాలుగింటికే."

ఊల్ఫ్ కథలోనూ ఈ ఆఖరి బంతి ఉంది. న్యూన్‌హామ్, గర్టన్ అమ్మాయిలు వంట చెయ్యకుండా చదువుకోగలిగింది వేరే ఆడవాళ్లు ఆ వంట చేశారు కాబట్టి. ఊల్ఫ్ సొంత గదిలో రాసుకోగలిగింది నెల్లీ బాక్సాల్ అనే వంటామె ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర ఉంది కాబట్టి. ఇద్దరి మధ్య గొడవలతో ఊల్ఫ్ డైరీ నిండి ఉంటుంది. అలిసన్ లైట్ 2007లో ఈ పనివాళ్ల గురించే ఒక పుస్తకం రాసింది. అది చదివాక సొంత గది అన్న మాట వినగానే దాని పక్కనున్న వంటగది కూడా గుర్తుకురాక తప్పదు.

మన దగ్గర వడ్డించే చేతికి పూజ ఎక్కువ. డొక్కా సీతమ్మగారు 1909లో చనిపోయేదాకా గోదావరి లంకల్లో ఆకలన్నవాళ్లకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. 2024లో బడుల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. బాగుంది. ఆ పథకంలో వంట చేసే ఆడవాళ్లకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2019లో దాన్ని నెలకి 3000 రూపాయలు చేశారు. అన్నపూర్ణ అని పిలిస్తే ఆకలి గురించి అడగాల్సిన పని ఉండదు. అన్నపూర్ణకి ఆకలేమిటి?

బందరులో మేం పదిమందిమి కలిసి నెలకోసారి చదువుకునే సమావేశం పెట్టుకున్నాం. ఒక చిన్న హాస్టల్ మెస్ హాలే దొరికింది. వార్డెన్ మేడంతో, మెస్‌లో పనిచేసే ఇద్దరితో కూర్చుని మూడు మాటలు అనుకున్నాం. సభ ఉన్నా లేకపోయినా భోజనం గంట మారదు. అమ్మాయిలతోపాటు మెస్ వాళ్లూ తిన్నాకే సభ మొదలు. మాట్లాడటానికి వచ్చినవాళ్లు తిన్న కంచం వాళ్లే కడగాలి, ఎంత పెద్ద రచయిత అయినా సరే. దీనివల్ల సమావేశం రాత్రి ఎనిమిదిన్నరకి గానీ మొదలవదు. గుడివాడ నుంచి వచ్చేవాళ్లకి తిరుగు రైలు అందదు, ఆ రాత్రి మా ఇళ్లలో సర్దుకుని పడుకుంటారు. పెద్దవాళ్లు ఇద్దరు వేళకాని వేళ అని రావడం మానేశారు. మూడో నిబంధన విని ఒక కవిగారు నవ్వేసి, తర్వాత నిజంగానే కడిగారు.

మొదటి సమావేశం రోజు నేను అచ్చమాంబ వ్యాసమే చదివాను. మెస్‌లో వంట చేసే ఆవిడ, యాభై ఏళ్లుంటాయి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి "నేనేం చెయ్యాలమ్మా ఇక్కడ?" అంది. "ఏం చెయ్యక్కర్లేదు పెద్దమ్మా, కూర్చోవడమే" అన్నారు అమ్మాయిలు. ముందు వరసలో చోటిచ్చారు. వ్యాసం సగంలో ఉండగా ఆమె గోడకి ఆనుకుని నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.